అవ్వ ముట్టని తల

పోయిన వారం మునియమ్మను పెనుకొండ బస్టాండులో, కంబళి కింద రెండు చేతులూ దాచుకుని నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే వదిలేసి వచ్చాం. ధర్మవరం నుంచి రైల్లో వచ్చిన మనవరాలు పుష్పావతి "అవ్వా" అని ఎదురు పోతే, ఆమె రెండడుగులు వెనక్కి వేసి, "బస్సెక్కు, బస్సెక్కు" అని గడ్డంతోనే దారి చూపించింది. హిందూపురం బస్సులో పుష్ప పక్క సీటు ఖాళీగానే ఉంది. అవ్వ మాత్రం పోయి డ్రైవరు వెనక, ఎవరిదో కోళ్ళ గంప పక్కన ఒదిగి కూర్చుంది. ఆ కోళ్ళకున్నపాటి విలువ కూడా తనకు లేకపోయిందే అని పుష్ప దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు ఒక మాట చెప్పాలి. పుష్పావతి రొద్దం దగ్గరి పల్లెలో గొర్రెలు కాచే ఎర్రప్పకు ఒక్కగానొక్క కూతురు. ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణంలో పని చేస్తుంది. రోజూ ఫోను ముందు నిలబడి, ఒక్కో చీరా భుజాన వేసుకుని, ఎక్కడెక్కడి ఊళ్ళ ఆడవాళ్ళకో లైవులో చూపిస్తుంది. చీర చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ఆమె జడ చూసి "అక్కా, ఏం నూనె రాస్తావు?" అని అడిగేవాళ్ళు. ఆ జడ పెంచింది నూనె కాదు, అవ్వ. పుట్టువెంట్రుకలు తీసిన నాటి నుంచి ఆ తల మునియమ్మ సొత్తు. తల్లి నాగమణి దువ్వబోయినా "నీకు చాతకాదు పో" అని దువ్వెన లాక్కునేది.

ఉగాది దాటాక ఆ తలలో బొట్టుబిళ్ళంత నున్నటి మచ్చ పడింది. తర్వాత ఇంకొకటి, చెవి వెనక మరొకటి. ఊరంతా అంటుకునే పేనుకొరుకుడని తేల్చేసింది. ఆ మచ్చ చూసిన రోజే మునియమ్మ తన కంబళి, తన పళ్ళెం, తన చెంబు తీసుకుని గొర్రెల దొడ్డిలోకి మకాం మార్చింది. పుష్ప సెలవుకు ఇంటికి వస్తే దూరం నుంచి పలకరిస్తుంది, తిన్నావా అంటుంది, అంతే. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. పుష్పకు జుట్టు పోయిన బాధ సగమే. ఆ చేతులు పోయిన బాధ మిగతాది.

ఇక ఆసుపత్రికి పోదాం.

చర్మాల డాక్టరు శారదమ్మ హిందూపురంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఒకరితో కన్నడం, ఒకరితో తెలుగు, మాట విననివాళ్ళతో రెండూ కలిపి మాట్లాడుతుంది. పుష్ప తలకు చుట్టుకున్న చున్నీ విప్పి, లైటున్న భూతద్దం పెట్టి, పాయ పాయగా విడదీసి చూసింది. ముందే ఆసుపత్రికి చేరుకున్న ఎర్రప్ప బయట బెంచీ మీద కూర్చున్నాడు. మునియమ్మ లోపలికి వచ్చింది గానీ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"దురద ఉందా?"

"లేదు మేడం."

"నొప్పి?"

"అదీ లేదు. పొద్దున లేస్తే దిండు మింద కుచ్చు పడింటాది. అంతే."

"పేను లేదు, పురుగు లేదు. ఎవరు చెప్పినారమ్మా నీకు పేనుకొరుకుడని?"

"ఎవురు చెప్పలేదో అడగండి మేడం." పుష్ప డాక్టరు వైపు తిరిగింది. "మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది అంటుకుంటాదా లేదా, మా అవ్వకు చెప్పండి. నన్ను ముట్టుకొని ఎన్నాళ్ళాయనో ఆమెనే అడగండి."

శారదమ్మ తలుపు వైపు చూసింది. "అవ్వా, ఆడ నిలబడినావే? రా, కూర్చో."

"ఈడ బాగుండాదమ్మా నాకు."

"చూసినారా?" పుష్ప స్టూలు మీద గిర్రున తిరిగింది. ఇన్నాళ్ళు అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. "నేనేమన్నా గొర్రెనా అవ్వా? గజ్జి పట్టిన గొర్రెను ఏరి పక్కన కట్టేస్తారు చూడు, అట్ల చేసినావు నన్ను. నా తల చూస్తే అంత అసయ్యం పుట్టిందా? ఊరోళ్ళు ఏమన్నా పడతా. దుకాణంలో విగ్గు పెట్టుకోమంటే పెట్టుకున్నా. నువ్వు వెనక్కి పోతాంటే మటుకు నేను తట్టుకోలేను. చిన్నప్పుడు జొరమొచ్చి వాంతి చేసుకుంటే నీ కొంగుతో తుడిసినావే, ఆ అవ్వ యాడికి పాయ?"

మునియమ్మ కంబళి ఇంకా దగ్గరికి లాక్కుంది.

పుష్ప మాటల్లో ఒక పొరపాటుంది, గమనించారా? గజ్జి గొర్రెను మందలోంచి వేరు చేస్తారు, నిజమే. కానీ ఇల్లు వదిలి దొడ్డిలోకి పోయింది పుష్ప కాదు, మునియమ్మ. వేరే పళ్ళెం, వేరే చెంబు పెట్టుకున్నదీ మునియమ్మే. ఇంత మాత్రం సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. బాధపడేవాళ్ళకు తమ బాధ తప్ప ఇంకొకటి కనపడదు కదా, వాళ్ళను మాత్రం ఏమనగలం.

పట్టేసింది శారదమ్మే. ఆమె లేచి తలుపు దగ్గరికి పోయి, "అవ్వా, చేతులు చూపించు" అంది.

"నా చేతులెందుకమ్మా, నాకేమీ లేదు."

"ఇంత ఎండలో కంబళి కప్పుకున్నావు. చేతులు బయటికి తియ్యి."

మునియమ్మ తియ్యలేదు. శారదమ్మే కంబళి పక్కకు జరిపింది. మణికట్టు దాకా తోలు లేచిపోయి, వేళ్ళ సందులు పగిలి, అక్కడక్కడా ఎర్రగా పచ్చిగా ఉన్నాయి చేతులు. పుష్ప "అయ్యో" అంది.

"దేంతో కడుక్కుంటాండావు?"

మునియమ్మ తల దించుకుంది. "గొర్రెల గజ్జికి కలిపే మందు ఉండాది గదమ్మా. దాంతో. పొద్దున, మాపున."

"నీకు గజ్జి లేదే!"

"లోపల ఉండాది." ఆమె మొదటిసారి మనవరాలి వైపు తిన్నగా చూసింది. "గజ్జి గొర్రెవు నువ్వు కాదు పాపా. నేను."

మునియమ్మ కంబళి కొస నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు చెప్పినట్టు చెప్పుకుంటూ పోయింది.

"నేను కోడలుగా వచ్చిన కొత్తల్లో నాకూ ఇట్లనే ఊడిపాయ. ఈడొక తావు, ఆడొక తావు. మా అత్త చూసె. కంబళి చేతికిచ్చి, దొడ్డిలో పండుకో పో అనె. ఆ వానకాలమంతా గొర్రెలతోనే ఉంటి. నా మొగుడు గూడా దగ్గరికి రాకపాయ. ఎప్పటికో మళ్ళా మొలిచె. మొదుట్లో తెల్లగా వచ్చి, ఆమైన నల్లబడె. పోయిందిలే శని అనుకుంటి. పోలేదమ్మా అది. లోపల్నే దాంకోనుండాది. ఈ బిడ్డకు దినమూ నూనె పెట్టినా, దువ్వినా, జడేసినా. నా చేతుల్లోనుంచి దాని తలకెక్కింది. దాని మచ్చ చూస్తానే తెలిసిపాయ నాకు. అది నాదే. అచ్చం నాదే."

"మరి చెప్పొచ్చు గదా అవ్వా!" పుష్ప ఏడుస్తోంది.

"ఏమని చెప్పల్ల? నీ జడ నేనే తినేసినా అని చెప్పల్లా? పురుగు చచ్చేదాకా మందుతో కడుక్కొని, ఆమైన వచ్చి ముట్టుకుందామనుకుంటి. అది చావకపాయ."

పుష్ప స్టూలు మీదనుంచి లేచి పరుగున పోయింది. మునియమ్మ గోడకు అంటుకుపోయి "రావద్దు, రావద్దు" అని రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. ఒకరు పట్టుకోవాలని, ఒకరు పట్టుబడకూడదని, ఆ చిన్న గదిలో అవ్వా మనవరాలూ కాసేపు తిరిగారు.

"ఇద్దరూ కూర్చోండి!" శారదమ్మ గట్టిగా కేకేసింది. "అవ్వా, నీకు గూడా చెప్తాండేది. ఈ కుర్చీలో కూర్చో. నేను చెప్పేది మొత్తం విన్నంక, నీకు ఇష్టమొచ్చినట్ల చెయ్యి."

అంత పెద్ద డాక్టరు కేకేస్తే కూర్చోక తప్పలేదు. మునియమ్మ కుర్చీ అంచున, కోడి వాలినట్టు కూర్చుంది.

"చూడవ్వా. మన ఒంట్లో కాపలా ఉంటాది. జొరం తెచ్చే పురుగులు, పుండులో చీము చేసే పురుగులు బయటనుంచి దూరితే, వాటిని పట్టి చంపేది ఆ కాపలానే. నెత్తురులో తెల్లకణాలని ఉంటాయి, అవి చేస్తాయి ఈ పని. దినమూ చేస్తాంటాయి, మనకు తెలీదు."

"మా దొడ్డి కుక్క మాదిరా?"

"అట్లనే అనుకో. ఇప్పుడు ఆ కుక్క ఒగ దినం పొరపాటు పడింది. సొంత గొర్రెను చూసి తోడేలనుకుంది. మీద పడింది. పుష్ప తలలో జరిగింది అదే. వెంట్రుక కుదుళ్ళను చూసి బయటి శత్రువులని భ్రమపడి, సొంత కాపలానే దాడి చేసింది. పేనూ లేదు, పురుగూ లేదు. నీ చేతుల్లో ఉండేది ఏమీ లేదు. దువ్వెనతో రాదు, దిండుతో రాదు, ముట్టుకుంటే రాదు. ఆ పొద్దు నీకు వచ్చింది గూడా ఇదే. మీ అత్త నిన్ను ఊరికెనే వానలో పండబెట్టింది."

మునియమ్మ ఆలోచనలో పడింది. చిన్నప్పటి నుంచి కుక్కలతో, గొర్రెలతో బతికిన మనిషికి ఇందులో నమ్మరాని మాట ఏదీ కనిపించలేదు. ఒక్కటే నచ్చలేదు.

"అట్లాంటి కుక్కను మేము పెట్టుకోమమ్మా. తరిమేస్తాం."

"తరిమేస్తే దొడ్డికి కాపలా ఎవరు?"

"అదీ నిజమే."

"అందుకే దాన్ని చంపం. మచ్చ ఉన్నచోట చిన్న చిన్న సూదులు వేసి, ఆ తావులో మటుకు కట్టేస్తాం. మచ్చలు తలంతా పాకితే మాత్రలు ఉన్నాయి, కానీ అవి మింగితే కాపలా మొత్తం మెత్తబడుతుంది, రక్తపరీక్షలు చేస్తూ జాగ్రత్తగా ఇయ్యాల. ఈ పిల్లకు ఇప్పుడు అంత అవసరం లేదు."

"ఇన్నేండ్లు లేని కోపం ఇప్పుడెందుకొచ్చె దానికి?"

శారదమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అది మాకు గూడా సరిగ్గా తెలీదవ్వా. తెలిసినట్టు చెప్తే అబద్ధమయితాది. ఒగటి మాత్రం తెలుసు. కుదురు చచ్చిపోలేదు. చాలామందికి మళ్ళా మొలుస్తాది. నీ మాదిరిగానే మొదట తెల్లగా వస్తాది చూడు. మళ్ళా ఎప్పుడన్నా ఊడొచ్చు గూడా, అప్పుడు భయపడొద్దు."

"అంటే... నేను ముట్టుకోవచ్చా?"

ఆ ప్రశ్న అడిగిన తీరుకు శారదమ్మ అంతటి గట్టి మనిషి కూడా మొహం పక్కకు తిప్పుకుంది. "ఎంతసేపన్నా ముట్టుకో."

పుష్ప నేల మీద కూర్చుని తల వంచింది. మునియమ్మ కంబళిలోంచి కుడిచెయ్యి బయటికి తీసింది. పగిలిన వేళ్ళు, ముసలి వేళ్ళు, భయం భయంగా ముందుకు వచ్చాయి. ఇంకో జానెడు దూరం ఉందేమో.

అప్పుడు శారదమ్మ మందులు రాస్తూ, ఇంకో మంచి మాట చెబుదామనుకుంది పాపం. "ఇంకొకటవ్వా. ఇది ఒగోసారి వంశంలో ఉంటాది. పెద్దోళ్ళకు ఉంటే, ఆ రక్తం పంచుకున్న పిల్లలకు వచ్చేదానికి రవ్వంత ఎక్కువ తావుంటాది. అవ్వ నుంచి మనవరాలికి వచ్చింటే అట్ల వచ్చిందేమో గానీ, చేతుల్లోంచి కాదు."

వేళ్ళు ఆగిపోయాయి.

పుష్ప అది చూడలేదు. తల పైకెత్తి, ఏడుపు మొహంతోనే పకపకా నవ్వింది. "అంటే నాది మా అవ్వ పోలికా మేడం? ఊర్లో అందరూ నన్ను ఎవురి పోలికమ్మే అని అడిగేటోళ్ళే. నాయన ముక్కు లేదు, అమ్మ రంగు లేదు అంటారు. ఇప్పుడు చెప్తా చూడు. మా అవ్వ తల వచ్చింది నాకు అని చెప్తా! జడ పోతే పోనీలే అవ్వా. నీది నాకు ఏదో ఒగటి వచ్చింది గదా, అది చాలు నాకు."

ఇరవై మూడేళ్ళ పిల్ల, తల మీద మూడు మచ్చలతో, ఆస్తి రాసిచ్చినట్టు మురిసిపోతోంది. మునియమ్మ చెయ్యి మెల్లగా వెనక్కి పోయి మళ్ళీ కంబళిలో దూరింది. నొప్పి పుడుతోందేమో అనుకుంది పుష్ప. "నీ చేతులకు గూడా మందు రాయించుకుందాం, ఉండు" అంది.

మచ్చల్లో సూదులు వేయించుకున్నంతసేపూ పుష్ప పళ్ళు బిగపట్టుకునే నవ్వింది. చున్నీ చుట్టుకుని, అవ్వను బెంచీ మీద నాయన పక్కన కూర్చోబెట్టి, టీ తెస్తానని కిందికి పోయింది. ఎర్రప్ప మందులు కొనడానికి పోయాడు. ఇద్దరూ మెట్లు దిగేదాకా చూసి మునియమ్మ లేచింది. బయట కూర్చున్న నర్సుతో "కంబళి లోపల మర్చిపోతి తల్లీ" అని చెప్పి తలుపు తోసింది. మునియమ్మ కంబళి మర్చిపోవడమంటే నమ్మేదేనా! కావాలనే కుర్చీ కింద తోసి వచ్చింది.

"ఏమవ్వా మళ్ళా వస్తివి?"

మునియమ్మ తలుపు దగ్గరగా వేసింది. పూర్తిగా పడిందో లేదో వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె మనసు ఆమె దగ్గర లేదు.

"అమ్మా, రక్తంలో వస్తాదంటివి గదా. రక్తం కాకుంటే?"

"అంటే?"

"ఆ బిడ్డది నా రక్తం కాదు." చెప్పేసి, ఎవరైనా విన్నారేమోనన్నట్టు తన నోరు తనే మూసుకుంది. గొంతు తగ్గించి మళ్ళీ అందుకుంది. "నా కొడుక్కు, కోడలికి బిడ్డలు లేకపాయ. ధర్మవరంలో మగ్గం నేసేటోళ్ళింటి ఆడపిల్ల ఒగతి కని, నా కొంగులో పెట్టి పంపిచ్చె. ఒళ్ళంతా నెత్తురు ఆరకనే ఉండె దానికి. మా ముగ్గురికి, ఆ కన్నామెకు తప్ప ఎవురికీ తెలీదు. ఎవురి బిడ్డ అంటే నా బిడ్డే. కానీ రక్తం నాది కాదు గదా తల్లీ. అట్లయితే అది నా నుంచి రక్తంలో రాలేదు. చేతుల్లోంచే వచ్చింది. నిజం చెప్పు. నేను మళ్ళా దొడ్డిలోకే పోతాలే, ఏమీ అనుకోను. బిడ్డ తల బాగుంటే చాలు."

శారదమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి, ఆమె భుజాలు పట్టుకుంది. "అవ్వా, నేను మాట సగంలో ఆపినా, అది నా తప్పు. ఈ రోగం వచ్చినోళ్ళలో చాలామందికి ఇంట్లో ఇంకెవరికీ ఉండదు. ఊరికెనే వస్తాది. నీకు వేరుగా వచ్చింది, ఆ పిల్లకు వేరుగా వచ్చింది. ఒగే ఇంట్లో ఇద్దరికి రావడం కాకతాళీయం. రక్తం ఉన్నా లేకున్నా, చేతుల్లోంచి మాత్రం రాదు. నీ చేతులు ఆ తలకు జడ ఇచ్చినాయి. రోగం ఇయ్యలేదు."

మునియమ్మ అదే కుర్చీలో కూలబడింది. ఇన్ని రోజులూ ఏడవనిదంతా అప్పుడు ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు బయటికి పోకుండా. శారదమ్మ నీళ్ళ గ్లాసు తీసుకుందామని తిరిగింది. తిరిగి అలాగే నిలబడిపోయింది.

తలుపు జానెడు తెరిచి ఉంది. ఆ సందులో పుష్ప, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో.

ఎంతసేపటి నుంచి ఉందో అడగాల్సిన పని లేదు. మొహంలో రంగు లేదు. లోపలికి వచ్చి గ్లాసులు బల్ల మీద పెట్టింది. టీ ఒలికింది, తుడవలేదు. అవ్వ ముందు నేల మీద కూర్చుని చున్నీ విప్పేసింది. మూడు మచ్చల మీదా సూదుల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"పాపా..." అంది మునియమ్మ. ఆ ఒక్క మాటలోనే ఎన్నో సాకులు వెతుక్కుంటోంది.

"ఊరికెనే చెప్తే నమ్మనవ్వా." పుష్ప గొంతులో కోపం లేదు, అదే మునియమ్మను భయపెట్టింది. "నా తల మింద చెయ్యి పెట్టి చెప్పు. నన్ను కన్నది ఎవురు?"

బిడ్డ తల మీద చెయ్యి పెట్టినాక అబద్ధమాడితే ఆ బిడ్డకే చేటని మునియమ్మ నమ్మకం. ఇన్నాళ్ళూ ఆ తలను ఒక్కసారి ముట్టుకుంటే చాలని తోలు లేచిపోయేలా చేతులు కడుక్కున్న మనిషి, ఇప్పుడు ముట్టుకుంటే నిజం చెప్పాలి. చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ పిల్ల ఇక ఎప్పటికీ తల వంచదు.

మునియమ్మ డాక్టరమ్మ వైపు చూసింది. శారదమ్మ తల దించుకుంది. ఇక మునియమ్మ ఎవరి వైపూ చూడలేదు.

పగిలిన అరచెయ్యి చెవి వెనక నున్నటి మచ్చ మీద ఆనింది. పుష్ప కళ్ళు మూసుకుంది.

"నిన్ను కన్న తల్లి నీకు తెలిసిన మనిషే పుష్పా," అంది మునియమ్మ. "ధర్మవరంలో దినమూ ఆమె మొగం చూస్తానే ఉండావు."